రైలు కూత ఒక్కటి కాదు: స్టీమ్ ఇంజిన్ గొంతు ఎట్లా తయారయ్యేది, ఒక్కొక్కరికి ఒక్కో తీరు ఎందుకు గుర్తున్నది

మొన్న మా ఇంటోళ్ల వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒక రీల్ పెట్టిండ్రు. పాత నల్ల ఇంజిన్ ఒకటి పొగ వదులుకుంట వస్తుంటది, కింద "మన కాజీపేట పాత రోజులు" అని రాసి ఉంటది, వెనక నుంచి మూడు నాలుగు గొంతులు కలిసి మూల్గినట్టుండే లోతైన కూత. అందరూ హార్ట్ సింబల్స్ పెట్టిండ్రు. మా పెద్దబాపు ఒక్కడే, కాజీపేట స్టీమ్ షెడ్డులో ఫైర్‌మ్యాన్‌గా, అంటే ఇంజిన్ బాయిలర్‌కు బొగ్గు వేసే పని చేసిన మనిషి, రెండుసార్లు విని "ఇది మన ఇంజిన్ గొంతు కాదు బిడ్డా" అని వాయిస్ మెసేజ్ పెట్టిండు.

ఇగ లొల్లి మొదలైంది. మా అత్తమ్మ ఏమో చిన్నప్పుడు హన్మకొండలో రాత్రి పండుకుంటే అచ్చం ఇట్లనే మెత్తగా వినవడేది అంటది, మా బావ ఏమో కాదు కాదు సన్నగా చెవులకు చిల్లులు పడేటట్టు ఉండేది ప్లాట్‌ఫాం మీద నేను చెవులు మూసుకునేటోన్ని అంటడు, ఇంకొకరు అసలు మీకు గుర్తున్నది రైలు కూత కాదు వరంగల్ ఆజంజాహి బట్టల మిల్లు సైరన్ అని ఇంకో పుల్ల పెట్టిండ్రు. నాకు ఇందులో ఎవరిది కరెక్టో చూద్దామనిపించి కొంచెం లోపలికి పోయి చదివిన. చదివినాక తేలింది ఏందంటే, వీళ్లలో ఎవ్వరిదీ పూర్తిగా తప్పు కాదు. స్టీమ్ ఇంజిన్ కూత అనేది ఫోన్ రింగ్‌టోన్ లెక్క ఫిక్స్ అయిన సౌండ్ కాదు, ఆవిరి ఎట్లున్నది, లాగే చెయ్యి ఎవరిది, వినేటోడు ఎక్కడున్నడు, వీటన్నిటిని బట్టి ప్రతిసారి కొత్తగా పుట్టేది.

కూత, హారన్, సైరన్: మూడు వేర్వేరు జాతులు

ముందు ఈ మూడింటిని విడదీయాలె, లేకపోతే లొల్లి తెగదు. స్టీమ్ ఇంజిన్ మీద ఉండేది విజిల్, అంటే పిల్లనగ్రోవి జాతి. అందులో కదిలే పార్ట్ ఏదీ ఉండదు, వేగంగా వచ్చే ఆవిరి ఒక అంచుకు తగిలి అటూ ఇటూ ఊగుతది, ఆ ఊగుడు పక్కనున్న గొట్టంలోని గాలిని, ఆవిరిని మోగిస్తది. ఇప్పటి డీజిల్, కరెంటు ఇంజిన్ల మీద ఉండేది హారన్, అది సన్నాయి జాతి. సన్నాయిలో పీక అదిరితే సౌండ్ వచ్చినట్టు హారన్‌లో కంప్రెస్డ్ గాలి తోసుడుకు ఒక లోహపు రేకు గడగడ అదురుతది, ముందున్న బాకా లాంటి గొట్టం దాన్ని పెద్దగా చేస్తది. సైరన్ ఇంకో కథ, చిల్లులున్న చక్రం తిరుగుకుంట గాలిని ముక్కలు ముక్కలుగా కోస్తది, చక్రం స్పీడ్ పెరిగే కొద్దీ సౌండ్ పైకి లేస్తది. అందుకే మిల్లుల దగ్గర, సింగరేణి గనుల దగ్గర షిఫ్టుకు మోగే ఆ టైపు సైరన్ కింద నుంచి ఊఁ అని లేచి మళ్లా మెల్లగా దిగుతది. రైలు కూత అంత పొడుగ్గా ఎక్కదు, అంత పొడుగ్గా దిగదు. మీకు గుర్తున్న సౌండ్ చాలాసేపు పైకి ఎక్కుకుంట పోయేదైతే అది సైరనే అయి ఉంటది.

తెలుగులో మాత్రం మనకు "కూత" అనే మాట ఉన్నది చూడండి, కోడిదీ కూతే, కోకిలదీ కూతే, రైలుదీ కూతే, కబడ్డీలో దమ్ము పట్టి పోయేదీ కూతే. కబడ్డీ కూత ఎంత సేపు అనేది దమ్మును బట్టి ఉన్నట్టు ఇంజిన్ కూత కూడా బాయిలర్ దమ్మును బట్టే.

బోర్లించిన ఇత్తడి గ్లాసు లోపల ఏం జరుగుతది

విజిల్ చూడడానికి చాలా సింపుల్. కింద ఒక చిన్న గిన్నె, దాని మీద ఒక పళ్లెం లాంటి బిళ్ల, గిన్నె అంచుకు బిళ్లకు మధ్య గుండ్రంగా సన్నటి సందు. ఆ సందుకు సరిగ్గా పైన, కొంచెం ఎడంతో, ఒక ఇత్తడి గ్లాసును బోర్లించినట్టు ఒక డొల్ల. షెడ్డు వాళ్లు దాన్ని బెల్ అంటరు, గంట ఆకారం కదా. డ్రైవర్ లాగితే వాల్వు తెరుచుకుంటది, ఆవిరి ఆ సందులో నుంచి పల్చటి పొర లెక్క పైకి తన్నుకొచ్చి బెల్ అంచుకు తగులుతది. తగిలిన పొర కాసేపు లోపలికి కాసేపు బయటికి ఊగుతది, సెకనుకు కొన్ని వందల సార్లు. ఎన్నిసార్లు అనేది బెల్ లోతే డిసైడ్ చేస్తది.

దీన్ని ఇంట్లోనే చూడొచ్చు. పెన్ను క్యాప్ పెదవి కింద పెట్టి ఊదితే కీచుమంటది కదా, బళ్లో సార్ తోటి దెబ్బలు తిన్నోళ్లకు బాగా ఎరుక. ఒక దిక్కు మూసి ఒక దిక్కు తెరిచి ఉన్న గొట్టంలో సౌండ్ అల ఒకటి నిలబడాలంటే ఆ అల పొడుగు గొట్టం పొడుగుకు నాలుగింతలు ఉండాలె. క్యాప్ లోతు 5 సెంటీమీటర్లు అనుకుందాం, నాలుగింతలు అంటే 20 సెంటీమీటర్లు, గాలిలో సౌండ్ సెకనుకు సుమారు 343 మీటర్లు పోతది, దాన్ని 0.2తో భాగిస్తే సుమారు 1,700. అంటే సెకనుకు 1,700 సార్లు ఊగుడు, కీచు సౌండే. అదే బెల్ లోతు 15 సెంటీమీటర్లు అనుకుంటే గాలి లెక్కన సుమారు 570 వస్తది. అది ఆడవాళ్లు పై స్థాయిలో పాడే స్వరాల దరిదాపుల్లో ఉండే సౌండ్. లోతు పెంచితే గొంతు దిగుతది, తగ్గిస్తే లేస్తది. ఒక దిక్కు మూసిన గొట్టం ఇంకో పని కూడా చేస్తది, అసలు స్వరం మీద 3 రెట్లు, 5 రెట్లు ఉండే పై స్వరాలను మోగనిస్తది కానీ 2 రెట్లు, 4 రెట్లు ఉన్నవాటిని దాదాపు మింగేస్తది, అందుకే ఆ కూతలో ఒక రకం డొల్లతనం వినవడుతది.

మరి కుక్కర్ విజిల్ ఎందుకు పాడదు అని మా చెల్లె అడిగింది, మంచి ప్రశ్న. కుక్కర్‌లో వెయిట్ లేచి ఆవిరి బుస్సుమని పోతది కానీ ఆ ఆవిరిని పట్టి ఒకే లెక్కన ఊగించే గొట్టం అక్కడ లేదు, అందుకే బుసే తప్ప స్వరం లేదు, మనం ఊరికే "మూడు విజిల్స్ రానీ" అంటం. ప్రెషర్ సంగతి కూడా చూడండి, ఇంట్ల కుక్కర్ పని చేసేది చదరపు అంగుళానికి 15 పౌండ్ల దగ్గర, మన దేశంలో ఎక్స్‌ప్రెస్ బండ్లు లాగిన డబ్ల్యూపీ ఇంజిన్ బాయిలర్ 210 పౌండ్ల దగ్గర. అంటే 14 రెట్లు. గూడ్సు బండ్లకు వాడిన డబ్ల్యూజీది కూడా అంతే.

బెల్ దేనితో చేసిండ్రు అనే దాని మీద కూడా చిన్న పంచాయితీ ఉన్నది. కంచు, ఇత్తడి బెల్ అయితేనే తియ్యగా మోగుతది, ఇనుముది అయితే మొద్దుగా ఉంటది అని పాత వర్క్‌షాప్ వాళ్ల నమ్మకం. సౌండ్ సైన్సు వాళ్లు మాత్రం ఇక్కడ మోగేది లోహం కాదు లోపలున్న ఆవిరి, గోడ గట్టిగా ఉంటే చాలు లోహం ఏదైనా పెద్ద తేడా రాదు అంటరు. నాకైతే రెండోదే సబబు అనిపిస్తది, కాకపోతే ఇత్తడిని లేత్ మీద నున్నగా తిప్పడం, అంచు పదునుగా తీయడం సులువు, తుప్పు పట్టదు, ఆ అంచు సరిగ్గా ఉంటేనే ఆవిరి పొర సరిగ్గా కోసుకుంటది. పాత వాళ్లు విన్న తేడా నిజమే కావొచ్చు, దానికి చెప్పిన కారణమే వేరే అయి ఉంటది.

మొదటి అరక్షణం గొంతు ఎందుకు జారుతది

పెద్దబాపు రీల్ పట్టేసింది ఇక్కడ్నే. "మనది మొదలయ్యేటప్పుడు కొంచెం కింద నుంచి ఎక్కుతది, గొంతు సవరించుకున్నట్టు" అన్నడు. ఆయన సైన్సు చదవలె, కానీ సరిగ్గా చెప్పిండు.

డ్రైవర్ లాగే ముందు బెల్‌లో ఉండేది మామూలు గాలి, బెల్ కూడా చల్లగా ఉంటది. ఆవిరి రాగానే లోపలి గాలిని మెల్లగా తోసేసి తాను నిండుతది. ఆవిరిలో సౌండ్ గాలిలో కన్నా వేగంగా పోతది, ఎందుకంటే ఆవిరి వేడిది, పైగా నీటి అణువు గాలి కన్నా తేలిక. 100 డిగ్రీల ఆవిరిలో సౌండ్ స్పీడ్ సెకనుకు సుమారు 470 మీటర్లు. ఇందాకటి 15 సెంటీమీటర్ల బెల్‌నే తీసుకుంటే, గాలి నిండి ఉన్నప్పుడు 570 ఉన్న లెక్క ఆవిరి నిండితే 780 దాకా పోవాలె. నిజంగా అంత తేడా రాదు, బెల్ నోటి దగ్గర బయటి గాలి కలుస్తుంటది, తెరిచిన కొన దగ్గర గొట్టం ఉన్న దానికన్నా కొంచెం పొడుగు ఉన్నట్టు పనిచేస్తది, అయినా ఆ ఎక్కుడు మాత్రం చెవికి తెలుస్తది. చలికాలం పొద్దున బెల్ బాగా చల్లబడి ఉంటే మొదట వచ్చిన ఆవిరి లోపలే నీళ్లయి కూత గరగర మని గొంతు పట్టినట్టు మొదలవుతది.

ప్రెషర్ కూడా ఉన్నది. బాయిలర్ నిండుగా ఉంటే స్వరం కొంచెం పైకి, సౌండ్ గట్టిగా, ప్రెషర్ పడిపోతే గొంతు దిగి నీరసంగా వస్తది. ఇక్కడ మన బొగ్గు సంగతి వస్తది. నిజాం రైల్వే కర్ణాటకలోని వాడి స్టేషన్ నుంచి సికింద్రాబాద్‌కు 1874లో వచ్చింది, 1889 కల్లా వరంగల్ మీదుగా బెజవాడ దాకా పోయింది, డోర్నకల్ నుంచి ఇల్లందు లైను వేసిందే సింగరేణి బొగ్గు కోసం. 1929లో కాజీపేట–బల్లార్షా లైను పూర్తయి ఢిల్లీ–మద్రాసు దారి కలిసినాక కాజీపేటకు ఇంజిన్ల రాకపోకలు మస్తు పెరిగినయి. మన దేశపు బొగ్గులో బూడిద ఎక్కువ. మంట సరిగ్గా పట్టకపోతే, జాలీల మీద బూడిద పేరుకుంటే ప్రెషర్ ముల్లు దిగుతది. "కూత వింటే లోపల ఫైర్‌మ్యాన్ ఎట్లాంటోడో తెలుస్తది" అని పెద్దబాపు అనేది అందుకే, అందులో కొంత గొప్పలు ఉన్నా సరే. బాయిలర్‌లో నీళ్లు మరీ ఎక్కువున్నా ఆవిరితో పాటు నీళ్లు ఎక్కి విజిల్ పుక్కిలించినట్టు అయ్యేది.

ఒక చిన్న విషయం, ఇంజిన్ కూత పెట్టినప్పుడు కనిపించే తెల్లది ఆవిరి కాదు, ఆవిరి కంటికి కనపడదు. విజిల్ సందు దగ్గర ఒక జానెడు ఖాళీగా ఉన్నట్టు కనిపిస్తది చూడండి, అక్కడున్నదే అసలు ఆవిరి, పైన తెల్లగా ఉన్నది చల్లబడి నీటి చుక్కలైనది.

అమెరికా ఇంజిన్‌కు నాలుగైదు గొంతులు, మనదానికి ఒక్కటే ఎందుకు

రీల్‌లో ఉన్న సౌండ్ అమెరికా ఇంజిన్‌ది అని నా అనుమానం. వాళ్ల దగ్గర చైమ్ విజిల్ అని ఉంటది, ఒకే బెల్‌ను లోపల గదులు గదులుగా విడగొట్టి ఒక్కో గదికి ఒక్కో లోతు పెడతరు. మూడు గదులైతే మూడు స్వరాలు, ఐదు గదులైతే ఐదు. అన్నీ ఒకేసారి మోగితే హార్మోనియం మీద మూడు నాలుగు మెట్లు కలిపి నొక్కినట్టు ఉంటది, సినిమాల్లో ఒంటరి రాత్రి చూపించడానికి వాడే సౌండ్ అదే, ఎడిటింగ్ యాప్‌లలో "స్టీమ్ ట్రెయిన్" అని కొడితే వచ్చేదీ ఎక్కువగా అదే. బ్రిటన్‌లో మామూలుగా ఒక్క స్వరం విజిలే, సన్నగా, తీవ్రంగా ఉంటది. అక్కడా మినహాయింపులు ఉన్నయి, 1938లో గంటకు 203 కిలోమీటర్లు కొట్టి స్టీమ్ రికార్డు పెట్టిన మల్లార్డ్, దాని జాతి ఇంజిన్లకు మూడు స్వరాల చైమ్ ఉండేది. మన దగ్గరికి వచ్చిన ఇంజిన్లు మొదట్నుంచి ఎక్కువగా బ్రిటన్‌లో తయారైనవి, పద్ధతులు కూడా అక్కడివే, కాబట్టి మనకు ఒంటి గొంతు విజిలే అలవాటు.

మరి ఏది బెటర్? ఇందులో రెండు వాదనలు ఉన్నయి, రెండింటిలోనూ పస ఉన్నది. లోతు స్వరం అనేటోళ్లు చెప్పేది, గాలి సన్నటి సౌండ్‌ను ఎక్కువ మింగుతది, లావుది ఎక్కువ దూరం పోతది, అమెరికాలో వందల మైళ్లు కంచె లేని పట్టాలు, గేటు లేని క్రాసింగులు, కాబట్టి దూరం నుంచే తెలవాలె. సన్న స్వరం అనేటోళ్లు చెప్పేది, మనిషి చెవి అన్నిటికన్నా బాగా పట్టేది సెకనుకు 2,000 నుంచి 4,000 ఊగుళ్ల మధ్య, స్టేషన్ యార్డులో బండ్ల గడగడలో, జనం గోలలో సన్నది అయితేనే కోసుకుంట పోయి చెవిన పడుతది. చైమ్‌కు ఇంకో లాభం, ఒక స్వరం గాలికి కొట్టుకుపోయినా ఇంకోటి అందుతది. నా మట్టుకు నాకు రెండూ ఎవరి పట్టాల మీద వాళ్లకు కరెక్టే అనిపిస్తది, ప్లాట్‌ఫాం మీద చెవులు మూసుకున్న మా బావకు మాత్రం సన్నదాని మీద ఇంకా కోపం పోలె.

రీల్ పట్టుకోవడానికి ఇంకో చిట్కా కూడా దొరికింది, ఇది కూత గురించి కాదు గానీ చెప్తా. చుక్ చుక్ అనేది పొగ గొట్టంలో నుంచి వాడిన ఆవిరి బయటపడే చప్పుడు, రెండు సిలిండర్ల ఇంజిన్‌కు చక్రం ఒక్క చుట్టుకు నాలుగు సార్లు. డబ్ల్యూపీ పెద్ద చక్రం అడ్డం 1.7 మీటర్లు, చుట్టుకొలత 5.3 మీటర్లు. గంటకు 5 కిలోమీటర్ల స్పీడ్‌లో కదుల్తుంటే సుమారు సెకనుకో చుక్, 72 దగ్గర సెకనుకు 15 చుక్‌లు, అప్పుడది చుక్ చుక్ లెక్క కాదు చీర చింపినట్టు ఒకటే సౌండ్. రీల్‌లో బండి ఉరుకుతుంటే వెనక తీరుబడిగా చుక్… చుక్… అని వస్తుంటే ఎవరో అతికించినట్టే.

గుడ్ల బండి కథ, నీళ్లు తగ్గిన బాయిలర్ కథ

విజిల్ ఎవరు కనిపెట్టిండ్రు అంటే రెండు జవాబులు దొరుకుతయి. బాగా చలామణిలో ఉన్నది ఇంగ్లండ్ లెస్టర్ దగ్గరి కథ. 1833లో శాంసన్ అనే ఇంజిన్ ఒక లెవల్ క్రాసింగ్ దగ్గర సంతకు పోతున్న గుర్రబ్బండిని గుద్దిందట, బండిలో 50 పౌండ్ల వెన్న, 80 డజన్ల గుడ్లు, అంటే 960 గుడ్ల పొరుటు. డ్రైవర్ నోటితో ఊదే బాకా ఊదినా బండాయనకు వినపడలేదని, అందుకని రైల్వే వాళ్లు సంగీత వాయిద్యాలు చేసే మనిషితోటి 18 అంగుళాల ఆవిరి బాకా ఒకటి చేయించిండ్రని చెప్తరు. రెండోది వేల్స్‌లోని డౌలయిస్ ఇనుప కార్ఖానా కథ, ఆడ్రియన్ స్టీఫెన్స్ అనే ఇంజినీరు దాదాపు అదే కాలంలో బాయిలర్‌లో నీళ్లు తగ్గితే దానంతట అదే మోగి హెచ్చరించే విజిల్ పెట్టిండని.

మొదటి కథ మీద చరిత్ర రాసేటోళ్లకు అనుమానాలు ఉన్నయి, వెన్న గుడ్ల లెక్క మరీ నీట్‌గా ఉన్నది కదా. కానీ రెండూ కొట్టుకునే కథలు కావనిపిస్తది. అక్కడ చేసింది ఆవిరి బాకా, ఇక్కడిది విజిల్. ఒకటి దారిలో మనుషుల కోసం, ఇంకోటి బాయిలర్ కాడ ఉండేటోళ్ల కోసం. తర్వాత ఇంజిన్ల మీద నిలబడ్డది మాత్రం విజిలే.

లాగే చెయ్యి

హారన్ అయితే ఎవరు నొక్కినా దాదాపు ఒకటే సౌండ్, రేకు అదిరితే అదురుతది లేకపోతే లేదు. విజిల్‌కు వాల్వు ఎంత తెరిస్తే అంత. మెల్లగా తెరిస్తే మొదట గాలి కలిసిన బుస, తర్వాత కింది స్వరం, తర్వాత నిండు గొంతు, మళ్లా మెల్లగా వదిలితే జారుకుంట దిగుతది. సంగీతం వాళ్ల మాటల్లో చెప్పాలంటే గమకం పట్టొచ్చు. అమెరికాలో దీన్ని క్విల్లింగ్ అనేటోళ్లు, 1900లో యాక్సిడెంట్‌లో చనిపోయిన కేసీ జోన్స్ అనే డ్రైవర్ తన ఆరు స్వరాల విజిల్‌ను రాత్రిపూట కూసే ఒక పిట్ట లెక్క మోగించేటోడని, దారి పొడుగునా జనం అది విని కేసీ పోతున్నడు అనుకునేటోళ్లని ప్రసిద్ధి.

మన దగ్గర ఇట్లా ఉండేదా? మా పెద్దమ్మ అయితే కూత విని "మీ పెద్దబాపు బండి డ్రైవర్ వచ్చిండు" అని పొయ్యి మీద చాయ్ నీళ్లు పెట్టేదట. పెద్దబాపు నవ్వి, దానికి కూత కన్నా టైమే ఎక్కువ ఎరుక, బండి ఏ గంటకు వస్తదో లెక్క పెట్టుకొని కూర్చునేది అంటడు. ఇద్దరిదీ కొంచెం కొంచెం నిజం అయి ఉండొచ్చు. ఒంటి గొంతు విజిల్‌లో చైమ్ అంత ఆట లేదు కానీ మొదలుపెట్టే తీరు, వదిలే తీరు మనిషికో రకంగా ఉండడానికి అడ్డం ఏమీ లేదు, పైగా ఒకే రకం ఇంజిన్ల మీద కూడా విజిల్ సందు అరిగిన తీరును బట్టి, బిళ్లకు బెల్‌కు మధ్య ఎడం సెట్ చేసిన తీరును బట్టి గొంతు మారుతది.

పొట్టి కూత, పొడుగు కూత

కూత ఊరికే పెట్టరు, దానికి రైల్వే రూల్ పుస్తకంలో కోడ్ ఉన్నది, స్టీమ్ పోయినా ఆ కోడ్ హారన్ మీద ఇంకా నడుస్తున్నది. లెవల్ క్రాసింగ్ వస్తుంటే పొడుగు కూత. పట్టాల పక్కన పసుపు బోర్డు మీద ఇంగ్లీషులో "డబ్ల్యూ/ఎల్" అని, హిందీలో "సీ/ఫా" అని కనిపిస్తది కదా, సీటీ, ఫాటక్ అని, అంటే గేటు వస్తున్నది కూత పెట్టు అని డ్రైవర్‌కు చెప్పేది అదే. మూడు పొట్టి కూతలు అంటే గార్డూ బ్రేక్ వెయ్యి అని. నాలుగు పొట్టివి అంటే యాక్సిడెంటో, ఇంజిన్ ఫెయిలో, అడ్డమో, బండి ముందుకు పోదు అని. రెండు పొట్టివి ఒక పొడుగుది అయితే ఎవరో చైన్ లాగిండ్రు అన్నట్టు.

వాకీటాకీలు లేని రోజుల్లో ఇంజిన్‌కు, అర కిలోమీటర్ వెనకున్న గార్డు డబ్బాకు మధ్య మాట్లాడుకునే ముఖ్యమైన దారి ఇదే, ఇగ రెండోది జెండా, దీపం. విజిల్ స్వరం ఇంజిన్‌కు ఇంజిన్‌కు మారినా పర్వాలేదు అనుకున్నది అందుకే, అర్థం స్వరంలో లేదు, పొట్టి పొడుగుల లెక్కలో ఉన్నది.

బండి ఎదురొస్తుంటే ఒక గొంతు, దాటిపోతుంటే ఇంకో గొంతు

గేటు దగ్గర నిలబడ్డోడికి కూత మధ్యలో ఒక్కసారి దిగినట్టు వినవడుతది. డ్రైవర్ ఏమీ చెయ్యడు. బండి మన దిక్కు వస్తుంటే సౌండ్ అలలు దగ్గర దగ్గరగా వస్తయి, స్వరం లేస్తది, దాటిపోతుంటే ఎడం అవుతయి, స్వరం దిగుతది. 1842లో క్రిస్టియన్ డాప్లర్ దీన్ని చెప్పిండు, 1845లో నెదర్లాండ్స్‌లో బైస్ బలో అనే సైంటిస్టు రైలు మీద బాకా ఊదేటోళ్లను ఎక్కించి, పట్టాల పక్కన స్వరజ్ఞానం ఉన్నోళ్లను నిలబెట్టి నిజమేనని తేల్చిండు.

లెక్క చేద్దాం. బండి గంటకు 72 కిలోమీటర్లు, అంటే సెకనుకు 20 మీటర్లు. విజిల్ అసలు స్వరం 500 అనుకుంటే ఎదురొచ్చేటప్పుడు 500ను 343తో గుణించి 323తో భాగిస్తే 531, దాటిపోయేటప్పుడు 363తో భాగిస్తే 472. ఈ రెండింటి నిష్పత్తి దాదాపు 9 కి 8. కర్ణాటక సంగీతం నేర్చుకునేటోళ్లకు ఈ నిష్పత్తి తెలిసిందే, చతుశ్రుతి రిషభం నుంచి షడ్జమానికి దిగడం. అంటే 72 స్పీడ్‌లో పోయే ఏ బండి అయినా గేటు దాటుకుంట "రి… స" అని పాడిపోతది. బండి లోపల కూర్చున్నోనికి, డ్రైవర్‌కు ఇది అస్సలు తెలవదు, వాళ్లకు మొత్తం ఒకటే 500. ఇంజిన్ ఫుట్‌ప్లేట్ మీద, అంటే డ్రైవర్ పక్కనే నిలబడి పనిచేసిన పెద్దబాపుకు, గేటు దగ్గర ఆడుకున్న పోరగాండ్లకు ఒకే కూత ఒకే తీరు గుర్తుండకపోవడానికి ఇదొక కారణం.

రాత్రి హన్మకొండలో ఎందుకంత మెత్తగా

ఇప్పుడు మా అత్తమ్మ సంగతి. కాజీపేట నుంచి హన్మకొండ ఐదారు కిలోమీటర్లు, కూత అంత దూరం రావడానికి ఒక పదిహేడు సెకన్లు పడుతది. పగలంతా వినపడని కూత రాత్రి ఎట్లా వినవడేది? రోడ్ల మీద చప్పుడు తక్కువ ఉంటది అనేది సగమే. మిగతా సగం గాలి వేడి. పగలు నేల కాలి దగ్గరి గాలి వేడిగా, పైన చల్లగా ఉంటది, వేడి గాలిలో సౌండ్ జోరుగా పోతది కాబట్టి అల ముందు భాగం కింద జోరుగా పైన నెమ్మదిగా పోయి పైకి వంగుతది, మన నెత్తి మీద నుంచి ఎగిరిపోతది. రాత్రి, ముఖ్యంగా చలికాలం తెల్లవారుజామున, నేల చల్లబడి కింది గాలి చల్లగా పైన వెచ్చగా అవుతది, అప్పుడు అల కిందికి వంగి మళ్లా నేలకు దిగుతది. మాఘమాసం పొద్దున నాలుగింటికి దూరపు కూత కూడా పక్క గల్లీలో ఉన్నట్టు వినవడేది ఇందుకే.

మెత్తదనం ఎక్కడిది అంటే, దారిలో గాలి పై స్వరాలను ముందు మింగేస్తది. ప్లాట్‌ఫాం మీద చెవులు చిల్లులు పడేటట్టున్న కూతలోని ఆ కీచుదనం, ఆవిరి బుస, అన్నీ రాలిపోయి ఐదారు కిలోమీటర్ల తర్వాత అడుగు స్వరం ఒక్కటే మిగుల్తది. అది కూడా వంగి వచ్చే గాలి పొరలను బట్టి కాసేపు పెరిగి కాసేపు తగ్గి వణుకుతది, మేడలకు, మన దగ్గర గుట్టలు ఎన్ని లేవు, వాటికి తగిలి వచ్చే ప్రతిధ్వని దాని మీద కలుస్తది. ఒంటి గొంతు విజిల్ రాత్రి మూడు గొంతులున్నట్టు అనిపించిందంటే అందులో అబద్ధం ఏమీ లేదు. అత్తమ్మ, బావ విన్నది ఒకే షెడ్డు ఇంజిన్లనే, ఒకరు దుప్పట్లో నుంచి, ఒకరు పది అడుగుల నుంచి.

ఇప్పుడు వినాలంటే

బ్రాడ్‌గేజ్ మీద మామూలు సర్వీసులో స్టీమ్ 1995తో ముగిసింది. 755 డబ్ల్యూపీలు, 2,450 డబ్ల్యూజీలు ఈ దేశంలో తిరిగినయి, ఇప్పుడు కూత పెట్టే స్థితిలో ఉన్నవి వేళ్ల మీద లెక్క. హర్యానాలో రేవారీ స్టీమ్ షెడ్డు ఉన్నది, అక్బర్, ఆజాద్ అనే పేర్లతో డబ్ల్యూపీలు అక్కడే. మనకు దగ్గర అంటే నీలగిరి, మెట్టుపాళయం నుంచి కూనూరు దాకా రంపం పళ్ల లాంటి పళ్లున్న పట్టా మీద ఇప్పటికీ స్టీమే ఎక్కుతది. డార్జిలింగ్‌లో చిన్న బండి ఉన్నది. పోయినప్పుడు కూత మధ్యలో కాదు, మొదటి అరక్షణం వినండి, ఫోన్‌లో రికార్డ్ చేస్తే మైకు దూరంగా పెట్టండి, దగ్గర పెడితే సౌండ్ చిరిగిపోయి బుస తప్ప ఏమీ మిగలదు.

నీలగిరి కూత వీడియో ఒకటి వెతికి పెద్దబాపుకు పంపిన. కూత మొదలవడం దగ్గర ఆపి మళ్లా మళ్లా విన్నడట. సాయంత్రానికి వాయిస్ మెసేజ్ వచ్చింది: "ఇది నిజమైన ఆవిరే. బండి చిన్నది, గొంతు సన్నం. చూడు, లాగేటోడు జర తొందర పడ్డడు, నీళ్లు పొయ్యేదాకా ఆగలె."